అమ్మేటప్పుడు అగ్గువ, కొనేటప్పుడు పిరం: మన పిల్లలకు తిండి దాచుకునుడు ఎందుకు నేర్పాలె

(మోర్తాడ్‌లో తండా పిల్లల వేసవి బడి ముగిసిన రోజు తల్లిదండ్రులు, టీచర్లు, యువకుల ముందు మాట్లాడిన మాటలు. మాట్లాడిన తీరునే ఉంచి, అక్కడక్కడ సరిచేసి పెడుతున్నాం.)

 

పిల్లలు పది రోజుల నుంచి ఇక్కడ ఏం నేర్చుకున్నరో మీరందరూ ఇప్పుడే చూసిండ్రు. ఒరుగులు చూపెట్టిండ్రు, ఉప్పు సీసా ఊపి చూపెట్టిండ్రు. ఒక అన్న నా పక్కన కూసొని మెల్లగ అన్నడు: "సార్, ఇంగ్లీషు నేర్పుతరనుకుంటే ఎండబెట్టుడు నేర్పిండ్రు. ఇది మా అమ్మకు తెల్వదా?" అని. మంచి ప్రశ్న. నేను ఈ రోజు మాట్లాడేదంతా ఆ అన్నకు జవాబే అనుకోండి.

రెండు నెలల కింద ఈ మోర్తాడ్ రోడ్డు ఎట్ల ఉండె? ఎటు చూసినా పసుపే. కల్లాల మీద పసుపు, తాటిపత్రీల మీద పసుపు. ఆర్మూర్, బాల్కొండ, వేల్పూర్, కమ్మర్‌పల్లి, ఏ దారిన పోయినా అంతే. ఆ పసుపు తవ్వింది ఎవరు? కొమ్ములు, మండలు వేరు చేసింది ఎవరు? ఉడకబెట్టింది, ఆరబోసింది, మొగులు పట్టంగనే ఉరికి కప్పింది ఎవరు? రైతుతో పాటు సగం చేతులు మనయే. తండాల నుంచి వచ్చిన చేతులు.

పసుపు సంగతి ఒకసారి ఆలోచించండి. భూమిలో నుంచి తవ్విన పచ్చి పసుపు అట్లనే కుప్ప పోస్తే ఏమైతది? మొలకన్నా వస్తది, మురిగన్నా పోతది. అందుకే ఉడకబెడుతం. ఉడికితే మొలక శక్తి పోతది, రంగు లోపలంతా సమంగా పాకుతది, తొందరగా ఎండుతది. తర్వాత పది, పదిహేను రోజులు ఎండ. 100 కిలోల పచ్చి పసుపు ఎండితే 20 కిలోలకు అటిటు మిగులుతది. పోయిందంతా చానావరకు నీళ్లే. కొమ్ము విరిస్తే టంగుమని మోగాలె. ఆ చప్పుడు వచ్చిందంటే ఇంక అది ఏండ్లకు ఏండ్లు నిలబడుతది.

అంటే మనకు తెలిసిన విద్య చిన్నది కాదు. నీళ్లు తీసెయ్యి, తేమ తగలనియ్యకు, గాలి ఆడేట్టు పెట్టు. తిండిని ఎండబెట్టి నిలవబెట్టే పద్ధతులకు మూలం ఇంతే. అయితే నేను అడిగేది ఒక్కటే. ఊరోళ్ల పసుపును రెండేండ్లు నిలబెట్టే ఈ చేతులు, మన ఇంట్ల బియ్యాన్ని రెండు నెలలు ఎందుకు నిలబెడ్తలేవు?

నా చిన్నప్పటి ముచ్చట చెప్తా. మా యాడి పసుపు కాలం మూడు నెలలు కూలికి పోయేది. వానాకాలం వస్తే ఇంట్ల మక్కల సంచి గోడకు ఆనిచ్చి మట్టి నేల మీదనే ఉండేది. పైకప్పు కారేది. ఒక ఏడు సంచి అడుగున మక్కలు గడ్డ కట్టి పచ్చగ, నల్లగ బూజు పట్టినయి. మా యాడి పారెయ్యలే. ఎట్ల పారేస్తది? అవి పారేస్తే ఆ నెల ఏం తింటం? కడిగింది, ఎండబెట్టింది, ఇసురుకున్నది, రొట్టెలు చేసింది. రొట్టె చేదుగుండె. కారం అద్దుకొని తిన్నం. వాంతులైనయి, రెండు రోజులకు తేరుకున్నం. అప్పుడు ఎవరూ ఏమీ అనుకోలే. మా యాడిది తప్పు కాదు. ఆ బూజు ఏంటిదో ఆమెకు ఎవరూ చెప్పలే.

నాకు కూడా చానా ఏండ్ల తర్వాతే తెలిసింది. 1974లో రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో జరిగిన సంగతి చదివినప్పుడు తెలిసింది. అవి భిల్లు ఆదివాసుల ఊళ్లు. వాళ్ల ముఖ్యమైన తిండి మక్కలు. ఆ ఏడు కోతల ముందు వానలు పడి కంకులు తడిసినయి. సరిగ్గ ఎండకుండానే ఇంట్ల పెట్టుకున్నరు. బూజు పట్టింది. వేరే తిండి లేదు కాబట్టి అదే తిన్నరు. కొన్ని వారాలకు ఒక్కొక్కరికి కామెర్లు మొదలైనయి, కడుపుల నీరు చేరింది. ఇంట్ల అదే తిండి తిన్న కుక్కలకు కూడా అదే జబ్బు. 397 మంది జబ్బు పడ్డరు. అందులో 106 మంది చనిపోయిండ్రు. కారణం ఏందో బయటపెట్టింది మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు. మక్కల బూజు నుంచి పుట్టిన అఫ్లాటాక్సిన్ అనే విషం అని తేల్చి 1975లో అచ్చు వేసిండ్రు.

ఆ విషం కడిగితే పోదు. మన పొయ్యి మీద వండితే పోదు. కాలేయాన్ని కొడ్తది. కొద్దికొద్దిగ ఏండ్ల తరబడి తింటే కాలేయ క్యాన్సర్‌కు దారి తీస్తది. మక్కలకు, పల్లికాయలకు ఇది ఎక్కువ పడ్తది. మనం ఎక్కువ తినేవి అవే. కాబట్టి ఎండబెట్టుడు, దాచుడు అంటే ఆడోళ్ల వంటింటి పని అనుకోకండి. అది పాణానికి సంబంధించిన చదువు. ఇది మొదటి సంగతి.

రెండో సంగతి పైసలది. మన దగ్గర ఒక మాట ఉంది కదా, అమ్మేటప్పుడు అగ్గువ, కొనేటప్పుడు పిరం. ఎకరం మక్క వేసినోడు కల్లంలనే అమ్ముతడు. తేమ ఎక్కువుందని కోత పెడ్తరు. ఇంట్ల పెట్టుకుందామంటే జాగ లేదు, పురుగు పడ్తదని భయం, మీదికెల్లి అప్పు. నాలుగు నెలలకు అదే మనిషి దుకాణంల కిలో, రెండు కిలోలు కొంటడు. ఆ నడుమ ధర పెరిగినందుకు లాభం ఎవరికి పోయింది? గింజను ఆపుకోగలిగినోనికి పోయింది. ఆగగలిగినోనిదే బేరం.

మన పసుపు రైతులకు ఇది బాగ తెలుసు. గిట్టుబాటు ధర కోసం, పసుపు బోర్డు కోసం ఏండ్ల తరబడి కొట్లాడిండ్రు. 2019 పార్లమెంటు ఎలక్షన్ల నిజామాబాద్ నుంచి 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి దేశాన్ని తిరిగి చూసేటట్టు చేసిండ్రు. 2025 జనవరి 14న నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. బోర్డు వచ్చినా, రాకున్నా, కల్లంల ఉన్న సరుకు ఇంకో నెల ఆగగలదా లేదా అన్నది ఎవరి ఇంటికాడ వాళ్లకు ఉండే లెక్క. పసుపు ఎండింది కాబట్టే రైతు ఒక్క నెలైనా ఆగి చూస్తడు. పచ్చిదైతే ఒక్క వారం ఆగలేడు.

ఇక్కడ ఒక అక్క నన్ను అడగాలె, అడగకుంటే నేనే అడుగుత: "దాచుకోనీకి ముందు దాచుకునేంత ఉండాలె కదా? తిననీకే లేనోళ్లకు దాచుడు నేర్పుడేంది?"

నిజం. భూమి లేనోనికి, పట్టా రానోనికి, కూలి సరిగ్గ పడనోనికి "పొదుపుగ దాచుకో" అని చెప్పుడంటే పుండు మీద కారం చల్లినట్టే. రేషన్, కూలి, భూమి, బడిలో అన్నం, ఇవి మన హక్కులు. ఒరుగుల డబ్బా వాటి జాగల కూసోలేదు. ఎవరన్నా అధికారి వచ్చి "మీ పిల్లలు దాచుకునుడు నేర్చిండ్రు కదా, ఇంక మీకు రేషన్ ఎందుకు" అంటే ఒప్పుకోకండి.

అయినా దాచాల్సిన అవసరం మన ఇంటికే వస్తున్నది. 2025 జూన్‌లో ఏమైంది? జూన్, జులై, ఆగస్టు మూడు నెలల సన్న బియ్యం ఒకేసారి ఇచ్చిండ్రు. మనిషికి నెలకు 6 కిలోల లెక్క. ఐదుగురున్న ఇంటికి 90 కిలోలు. అదీ వానాకాలం మొదట్ల! ఒక్క అర్ర ఉన్న రేకుల ఇంట్ల 90 కిలోల బియ్యం ఎక్కడ పెడ్తం? తెల్లపురుగు పడ్డంక కొన్ని ఇండ్లల్ల ఏం చేసిండ్రో నాకు తెలుసు, మీకూ తెలుసు. అగ్గువకు అమ్ముకున్నరు. హక్కుగ వచ్చిన బియ్యం నిలవబెట్టుకోలేక చేజారింది. హక్కు కోసం కొట్లాడుడు ఎంత ముఖ్యమో, వచ్చినదాన్ని నిలబెట్టుకునుడు అంతే ముఖ్యం అని నేను అంటున్న.

ఇంకో మాట. ఇది మనకు కొత్త విద్య కాదు. మన తాతల తాతలు ఏం చేసిండ్రు? వందల ఎడ్ల మీద గోనెలేసి ఉప్పు, ధాన్యం ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తోలుకపోయిండ్రు. మొగలుల దండులకు కూడా తిండిగింజలు మోసింది బంజారాలే. వానల, ఎండల, అడవిల నెలల తరబడి నడిచినా గింజ తడవకుండ, మురగకుండ చేర్చినోళ్లు. రైళ్లు వచ్చినంక ఆ బతుకుదెరువు పోయింది. 1871లో నేరస్త తెగల చట్టం తెచ్చి మన అసొంటి సంచార జాతులెన్నింటి మీదనో దొంగలని ముద్ర గుద్దిండ్రు. తిండిని మోసిన జాతి పిల్లలకు తిండి నిలవబెట్టుడు ఇంకొకలు వచ్చి నేర్పాల్సి వచ్చిందంటే, మనం మరిచిపోలే, మరిచిపోయేటట్టు బతుకు తిరిగింది.

ఆదిలాబాద్‌ల గోండు, కొలాం ఇండ్లల్ల చూడండి. ఇప్పపువ్వు తెల్లారకముందే రాలుతది. ఎండ ఎక్కకముందే ఏరుకొచ్చి, పరిచి, గలగల మోగేదాకా ఎండబెడ్తరు. ఆ పువ్వు వానాకాలం పనుల నాటికి కూడా ఉంటది. ఇంట్ల గింజలు అయిపోయే రోజులు అవే. ప్రపంచం అవతల ఆండీస్ కొండల ఆదివాసులు ఆలుగడ్డలను రాత్రి చలికి గడ్డకట్టనిచ్చి, పొద్దుగాల తొక్కి నీళ్లు పిండి, ఎండబెట్టి ఏండ్లకు ఏండ్లు దాచుకుంటరు. వాళ్లకు మంచు ఉంది, మనకు ఎండ ఉంది. ఎవరి దగ్గర ఏముంటే దానితోనే చేసుకున్నరు.

ఇంక పిల్లలకు ఏం నేర్పినమో చెప్తా. మీరు ఇంటికి పోయి వాళ్లను అడగండి. వాళ్లు చెప్పకుంటే మాది తప్పు.

ఒకటి, తేమ చూసుడు. మన ముసలోళ్లు గింజను పంటి కింద పెట్టి కొరుకుతరు. టక్కుమంటే ఎండినట్టు, మెత్తగ నలిగితే ఎండనట్టు. పిల్లలకు దీంతో పాటు ఉప్పు సీసా నేర్పినం. బాగ ఎండిన గాజు సీసా తీసుకోవాలె. మూడో వంతు గింజలు పొయ్యాలె. రెండు చెంచాల పొడి ఉప్పు వెయ్యాలె. మూత పెట్టి మూడు నిమిషాలు ఊపి, పావుగంట కదలకుండ పెట్టాలె. ఉప్పు గాజుకు అంటుకుంటే గింజల తేమ ఎక్కువున్నట్టు, 15 శాతం దాటినట్టు. ఉప్పు అంటకుండ కిందికి రాలితే సంచి కట్టొచ్చు. ఇందుల మిషన్ లేదు, కరెంటు లేదు. మూడో తరగతి పిల్ల చేసి చూపెట్టింది ఇప్పుడే.

రెండు, సంచి పెట్టే జాగ. సంచి నేల మీద పెట్టొద్దు, గోడకు ఆనియ్యొద్దు. కింద రాళ్లో, కట్టెపలకలో వెయ్యాలె. నేల నుంచి, గోడ నుంచి చెమ్మ సంచిలకు ఎక్కుతది. మా యాడి సంచి అడుగునే బూజు ఎందుకు పట్టిందో నాకు అర్థమైంది అప్పుడే. రెండిటుకలు కింద పెట్టుంటే ఆ ఏడు మాకు ఆ రొట్టె తప్పేది.

మూడు, పురుగు. బియ్యంల ముక్కపురుగు బయటికెల్లి వచ్చిందే అనుకుంటం. అది గింజకు బొక్క చేసి లోపల గుడ్డు పెడ్తది. మనకు కనబడేసరికి లోపల ఇంకో తరం తయారైతది. అందుకే పాత సంచిల కొత్త బియ్యం పొయ్యొద్దు. సంచిని తిరగేసి, దులిపి, ఎర్రటి ఎండల వెయ్యాలె. బియ్యాన్ని మాత్రం ఎర్రటి ఎండల పొయ్యకండి, గింజ పలిగి నూకైతది. నీడపట్టున, గాలికి ఆరనిచ్చి, మూత గట్టిగ పడే డబ్బాల నిండా పొయ్యాలె. గాలి దొరకకుంటే పురుగు బతకదు. ఎండిన యాపాకు వేసుకోవచ్చు, కని పచ్చి ఆకు వేస్తే చెమ్మ మనమే ఇచ్చినట్టైతది.

నాలుగు, పప్పుగింజలు. కందులకు ఎర్రమట్టి పూసి ఎండబెట్టుడు మన ఊళ్లల్ల పాత పద్ధతే. పెసర్లకు, శనగలకు కొద్దిగ నూనె పట్టించినా సరిపోతది, కిలోకు ఒక చిన్న చెంచా. గింజ పైన నూనె పొర ఉంటే పుచ్చుపురుగు పెట్టిన గుడ్డు బతకదు. విత్తనాలకైతే బూడిద కలిపి సొరకాయ బుర్రల పోసి మూతి మూస్తుంటిరి. ఇప్పుడు బుర్ర దొరకకుంటే ప్లాస్టిక్ డబ్బా అయినా పనిచేస్తది, ఎండింది కావాలె అంతే.

ఐదు, ఒరుగులు. టమాట అగ్గువైనప్పుడు, మామిడికాయ రాలినప్పుడు, కాకరకాయ ఎక్కువ కాసినప్పుడు. పలుచగ కోసి, ఉప్పు రాసి, ఒక రాత్రి పెడితే నీళ్లు ఊరుతయి. ఉప్పే ముక్కల నుంచి నీళ్లను బయటికి గుంజుతది. ఆ నీళ్లు పిండి, మంచం మీద బట్ట పరిచి ఎండబెట్టాలె. పైన పలుచని బట్ట కప్పాలె, ఈగలు, దుమ్ము పడకుండ. పొద్దుగూకకముందే లోపలికి తేవాలె. లేకుంటే పగలు పోయిన తేమ రాత్రి మంచుకు మళ్ల వస్తది. వంగితే ఇంకా ఎండలే. విరిగితే ఎండినట్టు. పసుపు కొమ్ముకు చూసే పరీక్షే ఇది.

ఆరు, పారేసుడు. ఇది అన్నిటికన్న కష్టమైన పాఠం. బూజు పట్టిన మక్క, నల్లబడ్డ పల్లికాయ, ముడుతలు పడ్డ పల్లిగింజ, వీటిని ఏరి పారెయ్యాలె. బర్రెకు కూడా పెట్టొద్దు. ఆ విషం పాలల్లకు వస్తది. ఆకలి చూసినోళ్లకు గింజ పారేసుడంటే చెయ్యి రాదు, నాకు తెలుసు. అందుకే ముందున్న ఐదు పాఠాలు. అవి చేస్తే ఆరోది చేసే అక్కర తక్కువ పడ్తది.

ఏం నేర్పలేదో కూడా చెప్పాలె. పసుపు ఉడకబెట్టే కాడికి, పాలిష్ డ్రమ్ము కాడికి పిల్లలను తోలుకపోలే. మనం చేస్తున్న పనే కదా అని ఆ మంటకు, ఆవిరికి, దుమ్ముకు పిల్లలను పంపొద్దు. పసుపును చూసి లెక్క నేర్చుకోవాలె గని కూలికి పోవొద్దు. మూత బిగించిన డబ్బాల కూరలు, మాంసం నిలవ పెట్టుడు నేర్పలే. గాలి లేని కాడ ఉప్పు, పులుపు తక్కువుంటే ప్రాణం తీసే విషం పుట్టొచ్చు. అది ఇంట్ల పిల్లలు చేసే పని కాదు. ఇంకొకటి, గింజలల్ల పురుగు చావనీకి దుకాణంల అమ్మే గోలీలు. దండం పెట్టి చెప్తున్న, ఆ గోలీలు పండుకునే ఇంట్ల పెట్టకండి. తేమ తగిలితే వాటి నుంచి గ్యాస్ వస్తది. మనుషుల పాణం తీస్తది, దానికి విరుగుడు మందు లేదు.

ఎట్ల నేర్పినం అనేది టీచర్ల కోసం చెప్తున్న. 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో హైమండార్ఫ్ దొర గోండు పిల్లలకు గోండు టీచర్లతోనే చదువు చెప్పించే ఏర్పాటు మొదలుపెట్టిండు. పిల్లల భాషల, పిల్లల బతుకు నుంచి చదువు మొదలు కావాలె అన్నది అందుల సారం. 80 ఏండ్లు దాటింది. ఇప్పటికీ మన పిల్లల పుస్తకంల ఆహార నిల్వ అంటే ఫ్రిజ్ బొమ్మ ఉంటది. ఫ్రిజ్ లేని ఇంటి పిల్ల ఆ బొమ్మను చూసి, మా ఇంట్ల సైన్సు లేదు అనుకుంటది. అందుకే ఈ పది రోజులు పిల్లలను అడిగినం, మీ యాడినో, నానమ్మనో అడిగి ఒక్క పద్ధతి తెండి అని. ఒకడు బూడిద సంగతి తెచ్చిండు, ఒకామె చింతపండుకు ఉప్పు కలిపి కుండల తొక్కి పెట్టే పద్ధతి తెచ్చింది. తెచ్చినదాన్ని అట్లనే నమ్మలే, రెండు సీసాలు పెట్టి చూసినం. ఒకదాంట్ల బూడిద, ఒకదాంట్ల ఒట్టి గింజలు. పెద్దోళ్ల మాటను గౌరవించుడు, పరీక్షించుడు రెండూ చెయ్యొచ్చని పిల్లలకు తెలిసింది. ఇంగ్లీషు అడిగిన అన్నకు చెప్తున్న, అన్నా, ఇదే సైన్సు. ఇంగ్లీషు కూడా నేర్పుదాం, దీన్ని విడిచిపెట్టి కాదు.

ఇంకో సంగతి, మొగపిల్లలను కూడా కూసోబెట్టినం. మొదటి రోజు నవ్విండ్రు. రేపు దుబాయికో, మస్కట్‌కో పోయి ఒక రూముల పదిమంది ఉండి వండుకునేది వీళ్లే. ఈ మోర్తాడ్ చుట్టుపక్కల గల్ఫ్‌కు పోని ఇల్లు ఎన్నున్నయి? అప్పుడు ఎవరొస్తరు వండిపెట్టనీకి?

ఇంటి సంగతి అయింది. ఊరి సంగతి చెప్పి ముగిస్త. ఒక్క ఇల్లు ఎంత దాచగలదు? అందుకే ధాన్యం బ్యాంకు. 1996–97లో కేంద్ర సర్కారు గ్రామ ధాన్య బ్యాంకుల పథకం మొదలుపెట్టింది. 2004లో దాన్ని ఆహార శాఖకు మార్చిండ్రు. ఆలోచన సాదాది. కరువు నెలల ఊరి బ్యాంకు నుంచి గింజలు తీసుకునుడు, పంట వచ్చినంక తిరిగి పోసుడు. షావుకారు కాడికి పోయే దారి బందు చేసుడు. సర్కారు పథకం ఉన్నా లేకున్నా తండాల పది ఇండ్లు కలిసి రెండు డ్రమ్ములతో ఇది మొదలుపెట్టొచ్చు. మన తాళం, మన లెక్క. లెక్క రాసేది ఏడో తరగతి పిల్లలే కావాలె.

అడవి మీద ఆధారపడ్డోళ్లకు ఇంకో మాట. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులను ఏరుకొని, వాడుకొని, అమ్ముకునే హక్కు ఇచ్చింది. 2012లో సవరించిన నిబంధనలల్ల వాటిని నిలవ చేసుకునుడు, శుద్ధి చేసుకునుడు కూడా ఆ హక్కులోనే ఉందని రాసిండ్రు. అంటే ఇప్పపువ్వు ఏరిన రోజే వచ్చిన రేటుకు ఇచ్చెయ్యాల్సిన పని లేదు. దాచి, ఆగి, అమ్ముకునుడు కూడా మన హక్కే. కని కాయితం మీద ఉన్న ఆ హక్కు చేతికి రావాలంటే చేతికి విద్య కూడా రావాలె.

చివరికి పిల్లలతోని ఒక్క మాట. మీకు ఇవాళ తలా ఒక చిన్న సీసాల గోధుమలు ఇస్తున్నం. ఎవరికి తెలిసిన పద్ధతిల వాళ్లు దాచుకోండి. బూడిద వేస్తరో, యాపాకు వేస్తరో, ఎండబెట్టి మూత బిగిస్తరో మీ ఇష్టం. ఏం చేసిండ్రో కాయితం మీద రాసి సీసాకు అంటించండి. మీది ఇంకో భాష అయితే ఆ భాషలనే తెలుగు అక్షరాలతోని రాయండి. వానాకాలమంతా అది మీ ఇంట్లనే ఉండాలె. శ్రావణంల తీజ్ వస్తది. మన ఆడపిల్లలు బుట్టలల్ల గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తరు కదా. ఈసారి ఆ గోధుమలు దుకాణంల కొనొద్దు. మీ సీసాల నుంచే పొయ్యండి.

ఎవరి బుట్ట పచ్చగ, ఒత్తుగ మొలుస్తదో వాళ్ల కాయితం అందరం కూసొని చదువుదాం. మొలవని సీసా కూడా పట్టుకొని రండి, సిగ్గుపడకండి. అదెందుకు మొలవలేదో తెలిస్తే అది కూడా చదువే. అప్పటిదాకా ఇంటికి పోంగనే ఒక్క పని చెయ్యండి. మీ ఇంట్ల బియ్యం సంచి ఎక్కడుందో చూసి, దాని కింద రెండిటుకలు పెట్టండి.